నవ్వే ఆడవాళ్ళూ, ఏడ్చే మగవాడూ

(విజయవాడలో మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చార్లీ చాప్లిన్ 'ది కిడ్' చిత్రం ప్రదర్శించిన తరువాత చేసిన ప్రసంగ పాఠం)



ఇంతసేపూ వెనక వరసలో కూచుని మీ నవ్వులు వింటున్నాను. చాప్లిన్ కాఫీ కెటిల్‌ని తాడుతో వేలాడదీసి పసివాడికి పాలసీసా చేసినప్పుడు ఒక నవ్వు. కుర్చీ మధ్యలో కన్నం కోసి, కింద ఉమ్మితొట్టి పెట్టినప్పుడు అంతకంటె పెద్ద నవ్వు. పిల్లల్ని పెంచినవాళ్ళ నవ్వు అది. ఆ తరవాత అనాథాశ్రమం వాళ్ళు పిల్లవాణ్ణి బండిలో పడేసుకుని పోతుంటే హాలంతా చప్పుడు లేదు. కొన్ని కొంగులు కళ్ళ దగ్గరికి వెళ్ళడం చూశాను. తెర మీద చాప్లిన్ కూడా ఏడుస్తున్నాడు.

మనకో సామెత ఉంది. నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదంటారు. ఇందాక ఈ హాల్లో జరిగింది సరిగ్గా అదే. ఆడవాళ్ళు పగలబడి నవ్వారు, మగవాడు వెక్కివెక్కి ఏడ్చాడు. ఎవరికీ ఏ అపకారమూ జరగలేదు. మయసభలో ద్రౌపది నవ్వబట్టే భారత యుద్ధం వచ్చిందని ఇప్పటికీ చెప్పుకునే దేశం మనది. జూదమాడినవాడి తప్పు, చీర లాగినవాడి తప్పు వెనక్కి పోయి, నవ్వినదాని తప్పు ముందుకొచ్చింది. మన చిన్నప్పుడు "ఆ ఇకఇకలేమిటే, వీధిలోకి వినపడేట్టు!" అని కసురు తినని వాళ్ళు మనలో ఎందరున్నారు?

శిబిరం కార్యక్రమ పత్రం చూసి ఒక మిత్రురాలు నన్ను నిలదీశారు: "భరణం గురించీ, గృహహింస చట్టం గురించీ మాట్లాడుకోవాల్సిన చోట ఈ చార్లీ చాప్లిన్ ఏమిటండీ?" న్యాయమైన ప్రశ్నే. దానికి మా అనుభవంతో జవాబు చెబుతాను. అది మేం చేసిన ఒక తప్పు.

నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం 1992 నాటికి రాష్ట్రమంతా పాకిన సంగతి మీకు తెలుసు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ రోజుల్లో మేం ఏడెనిమిది మందిమి కలిసి ఒక నాటిక కట్టుకుని బందరు కాలవ వెంబడి ఊళ్ళలో ఆడాం. తాగుబోతు మొగుడు తూలుతూ వస్తాడు, గడప తట్టుకుని పడతాడు, గేదెని పట్టుకుని పెళ్ళాం పేరు పెట్టి పిలుస్తాడు, ఆనక ఇంట్లోకెళ్ళి పెళ్ళాన్ని కొడతాడు. ఆ వేషం వేసిన అబ్బాయి బాగా నవ్వించేవాడు. ప్రతి ఊళ్ళో చప్పట్లే. నాటిక గొప్పగా నడుస్తోందని మురిసిపోయాం.

ఒక ఊళ్ళో ప్రదర్శన అయ్యాక నాట్లేసే ఆడమనిషి ఒకామె వచ్చి, "వాడు గేదెని పట్టుకుంటే నవ్వానమ్మా. నన్ను కొట్టినప్పుడు కూడా జనం నవ్వారేంటి?" అంది. వేషం వేసిన అమ్మాయిని అనలేదు. "నన్ను కొట్టినప్పుడు" అంది.

మా దగ్గర జవాబు లేదు. తాగుబోతు తూలడాన్ని ఎంత సరదాగా చూపించామంటే, అతను చెయ్యెత్తేసరికి ఆ సరదాలో దెబ్బ కూడా కలిసిపోయింది. జనం తప్పు కాదు. నవ్వు ఎటు తిప్పాలో మాకు తెలియలేదు. మర్నాడు ఆ ఊరి పిల్లలు ఆ తాగుబోతు ఆటే ఆడుకుంటున్నారట, ఒకడు మొగుడు, ఒకతి పెళ్ళాం. ఆ తరవాతే నేను పాత మూకీ హాస్య చిత్రాలు శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాను. వినోదానికి కాదు, పని నేర్చుకోవడానికి.

మూకీల్లో మాట లేదు. మాట లేనప్పుడు దెబ్బని దాచడానికి చోటు ఉండదు. మన సినిమాల్లో ఒక ప్రాస, ఒక యాస, ఒక సంగీతపు విరుపు చాలు, ఎవరు ఎవర్ని అవమానిస్తున్నారో గమనించే లోపలే నవ్వేస్తాం. మూకీలో అట్లా కుదరదు. ఎవరు పడ్డారు, ఎవరు తోశారు, ఎవర్ని చూసి మనం నవ్వుతున్నాం, ఇవి మూడూ కళ్ళకి కనపడతాయి. అక్షరాలు రాని మనిషి కూడా మనతో సమానంగా చూసి, మనతో సమానంగా తీర్పు చెప్పగలదు. సాక్షరత లేని సంఘాలతో పనిచేసే మనకి ఇది చిన్న విషయం కాదు.

మీరిప్పుడు చూసిన సినిమా 1921 నాటిది. ఆ సంవత్సరం మనకీ గుర్తుండవలసినదే. బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశాలు జరిగి, పింగళి వెంకయ్య గారు గాంధీకి జెండా చూపించింది ఆ ఏడే. మద్రాసు రాష్ట్రంలో కొంత ఆస్తి ఉన్న స్త్రీలకి ఓటు హక్కు ఇవ్వాలని శాసన మండలి తీర్మానించింది ఆ ఏడే. పోతిన శ్రీనివాసరావు గారు ఈ ఊళ్ళో మారుతి సినిమా హాలు పెట్టింది కూడా 1921లోనే. బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య గారూ, ఆయన కుమారుడు ప్రకాశ్ గారూ తీసిన మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' వచ్చిందీ అప్పుడే. అందులో గంగ వేషం వేసింది పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్ల యువతి. సంసార స్త్రీలు తెర మీదికి రావడమే తప్పనుకున్న కాలం అది. సినిమా చూడటానికి వెళ్ళినా ఆడవాళ్ళది వేరే బెంచీ. మూకీల కాలంలో తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడు. బొమ్మకి భాష అక్కర్లేకపోయినా, మధ్యలో వచ్చే ఇంగ్లీషు అక్షరాలకి అతను కావాలి.

'ది కిడ్' మొదలెలా అవుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ధర్మాసుపత్రి గేటులోంచి ఒక తల్లి బిడ్డనెత్తుకుని బయటికొస్తుంది. పెళ్ళి కాలేదు. తల్లి కావడమే ఆమె చేసిన పాపమని తెర మీద అక్షరాలు చెబుతాయి. ఆ వెంటనే ఆ బిడ్డ తండ్రిని చూపిస్తారు. అతనొక చిత్రకారుడు. ఆమె ఫోటో పొరపాటున నిప్పుల్లో పడుతుంది. తీస్తాడు, చూస్తాడు, కాలిపోయింది కదా అని మళ్ళీ నిప్పుల్లోనే వేస్తాడు. అర నిమిషం కూడా పట్టదు. మన ఆఫీసుకొచ్చే కేసుల్లో పది పేజీల అర్జీలో రాసేదంతా అందులో ఉంది. అతను క్రూరుడేం కాదు. కొట్టలేదు, తిట్టలేదు, ఆమెని మరిచిపోయాడు, అంతే.

ఆ తరవాత పిల్లవాణ్ణి పెంచేది ఒక దిక్కులేని మగవాడు. మొదట వదిలించుకోవాలని చూస్తాడు, ఇంకొకామె తోపుడు బండిలో పెట్టేద్దామనుకుంటాడు. మాతృత్వం ఆడదానికి పుట్టుకతో వస్తుందనీ, మగవాడికి రాదనీ చెప్పేవాళ్ళకి ఈ సినిమా మంచి జవాబు. గుడ్డలు కత్తిరించడం, పాలు పట్టడం, జ్వరం వస్తే రాత్రంతా కూచోవడం, అన్నీ నేర్చుకుంటాడు. ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆ తరవాత వైద్యుడొస్తాడు, నువ్వు తండ్రివేనా అని అడుగుతాడు. కాగితం చూసి పైవాళ్ళకి రాస్తాడు. పిల్లవాణ్ణి తీసుకుపోవడానికి బండి వస్తుంది. పిల్లవాడికి ఐదేళ్ళూ ఏం తిన్నావని అడగని ప్రభుత్వం, అతనికి ప్రేమించే మనిషి దొరికాక తలుపు తట్టింది.

ఇదంతా చాప్లిన్ ఊహించి రాసినది కాదు. ఆయన 1889లో పుట్టాడు. తల్లి హానా రంగస్థల గాయని. గొంతు పోయింది, పని పోయింది. తండ్రి తాగుడు మనిషి, వేరే ఉండేవాడు, పిల్లల పోషణకి ఇవ్వాల్సింది సరిగా ఇచ్చేవాడు కాడు. ఆమె ఇంట్లో కూచుని బట్టలు కుట్టి ఇద్దరు పిల్లల్ని సాకింది. అదీ సాగక 1896లో ముగ్గురూ లండనులోని వర్క్‌హౌస్‌లో చేరారు. దిక్కులేని బీదల్ని ఉంచి పని చేయించుకునే సర్కారు శరణాలయం అది. అక్కడ తల్లినీ పిల్లల్నీ విడదీస్తారు.

అప్పుడు హానా ఏం చేసిందో వినండి. మేం వెళ్ళిపోతాం, మా పిల్లల్ని మాకివ్వండి అని అర్జీ పెట్టింది. నిబంధనల ప్రకారం వాళ్ళ బట్టలు వాళ్ళకిచ్చి బయటికి పంపారు. రోజంతా పార్కులో పిల్లలతో ఆడుకుని, చేతిలో ఉన్న కాసిని డబ్బులతో చెర్రీపళ్ళు కొనిపెట్టి, సాయంత్రానికి ముగ్గురూ తిరిగొచ్చి మళ్ళీ చేరతామన్నారు. అధికారులు మళ్ళీ మొదట్నించీ కాగితాలన్నీ రాసుకోవాల్సి వచ్చింది. చాప్లిన్ సినిమాల్లో పోలీసుని చుట్టూ తిప్పించి జారుకునే ఉపాయాలన్నీ నాకు ఈ తల్లి దగ్గర్నించి వచ్చినట్టే కనిపిస్తాయి. తరవాత ఆమెకి మతి చలించింది. తండ్రి 1901లో తాగుడు వల్లే చనిపోయాడు, నలభై కూడా నిండలేదు.

అందుకే చాప్లిన్ తాగుడుని చూపించే తీరు వేరు. 1931లో వచ్చిన 'సిటీ లైట్స్'లో ఒక కోటీశ్వరుడుంటాడు. తాగినప్పుడు మన బిచ్చగాణ్ణి కావలించుకుని ప్రాణస్నేహితుడంటాడు, ఇల్లూ కారూ నీవే అంటాడు. తెల్లారి మత్తు దిగాక, వీడెవడు, బయటికి గెంటమంటాడు. సినిమాలో ఇది పదేపదే జరుగుతుంది, ప్రతిసారీ నవ్వొస్తుంది. ఈ సినిమా మా మీటింగులో వేసినప్పుడు కృష్ణలంక నుంచి వచ్చిన ఒకామె, "మా ఆయన తిరగేసి. రాత్రి కొడతాడు, పొద్దున కాళ్ళు పట్టుకుంటాడు. గుర్తులేదనడం మాత్రం ఇద్దరిదీ ఒకటే" అంది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. మా నాటికకీ దీనికీ తేడా అక్కడ నాకు తెలిసింది. మేం తూలడాన్ని చూపించి నవ్వించాం. చాప్లిన్ ఆ "గుర్తులేదు"ని చూపించి నవ్వించాడు.

1936లో వచ్చిన 'మోడరన్ టైమ్స్' మీలో చాలామంది చూసే ఉంటారు. అప్పటికి టాకీలు వచ్చి ఎన్నో ఏళ్ళయింది. మన తెలుగులోనే 'భక్త ప్రహ్లాద' 1932లో మాట్లాడింది. అయినా ఆ సినిమాలో కార్మికులు మాట్లాడరు. వినిపించే మాటలన్నీ దాదాపు యంత్రాల్లోంచే వస్తాయి. యజమాని తెర మీద నుంచి కేకలేస్తాడు, సరుకు అమ్మేవాడి బదులు గ్రామఫోను రికార్డు మాట్లాడుతుంది. ఎవరికి గొంతుంది, ఎవరికి లేదు అన్నది ఇంత తేటగా చెప్పిన సినిమా నేను చూడలేదు. అందులో మరుగుదొడ్డికి వెళ్ళి ఒక్క నిమిషం నిలబడితే గోడ మీద యజమాని మొహం ప్రత్యక్షమై, పనిలోకి పొమ్మంటుంది. బీసెంట్ రోడ్డులో, గాంధీనగరులో దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లల్ని అడగండి, కెమెరా కింద పన్నెండు గంటలు నిలబడటం ఎట్లా ఉంటుందో. అమ్మకాల పనివాళ్ళకి కూచునే హక్కు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలో రాసుకున్నాయి. కూచోవడానికి చట్టం కావలసి వచ్చిందంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. సరిగ్గా అక్కడే చాప్లిన్ పని మొదలవుతుంది.

ఇంతవరకూ పొగిడాను. ఇప్పుడు రెండో వైపు చెప్పకపోతే మనం మహిళా ఉద్యమం వాళ్ళం కాదు.

అదే 'మోడరన్ టైమ్స్'లో మరలు బిగించీ బిగించీ మతి పోయిన కార్మికుడు, ఆడవాళ్ళ దుస్తుల మీది బొత్తాలు చూసి వాటినీ బిగించడానికి వెంటపడతాడు. యంత్రం మనిషినెట్లా మార్చిందో చూపించే ఘట్టం అది, ఒప్పుకుంటాను. కానీ ఆ నవ్వు చివరికి తగిలింది యజమానికి కాదు, పరిగెత్తుతున్న ఆడమనిషికి. బస్టర్ కీటన్ గొప్ప కళాకారుడు. ఆయన 'సెవెన్ ఛాన్సెస్' 1925 నాటిది. ఆస్తి రావాలంటే సాయంత్రం ఏడు గంటల లోపల పెళ్ళి కావాలి. పేపర్లో ప్రకటన చూసి వందలమంది పెళ్ళికూతుళ్ళు అతని వెంట పడతారు. పరుగు అద్భుతం. కానీ డబ్బు కోసం పెళ్ళాడుతున్నది అతను, నవ్వులపాలైనది ఆడవాళ్ళు. నల్లజాతి స్త్రీని చూసి అతను వెనక్కి తగ్గడాన్ని కూడా అందులో హాస్యంగానే పెట్టారు.

ఇంకో పేరు మనం గుర్తుపెట్టుకోవాలి, మేబెల్ నార్మండ్. ఆమె నటి మాత్రమే కాదు, 1914 నాటికే కీస్టోన్ కంపెనీలో దర్శకురాలు. చాప్లిన్ ఆ గుండ్రటి టోపీ, వదులు పంట్లాం, చేతికర్ర వేషం మొట్టమొదట కెమెరా ముందు వేసింది ఆమె సినిమాలోనే. ఆ మొదటి వేషం ఏమిటనుకున్నారు? హోటల్లో తాగి ఆడవాళ్ళని అల్లరి పెట్టే మనిషి. మరికొన్ని వారాలకి ఆమె దర్శకత్వంలోనే ఇంకో సినిమా తీస్తుండగా, తను చెప్పిన హాస్యం ఆమె ఒప్పుకోలేదని చాప్లిన్ పని మానేసి కూచున్నాడు. దర్శకత్వం చెప్పే సామర్థ్యం ఆమెకి లేదనుకున్నానని ఆత్మకథలో తనే రాసుకున్నాడు. ఆమె అతని కన్నా వయసులో చిన్నది, సినిమా పనిలో పెద్దది. పంచాయతీ ఆఫీసులో మహిళా సర్పంచికి జరిగేది ఇదే కదా. మేబెల్ క్షయతో 1930లో పోయింది. చాప్లిన్ పేరు ఊరూరా తెలుసు, ఆమె పేరు మనలో ఎందరికి తెలుసు?

చాప్లిన్ జీవితం సంగతీ దాచవద్దు. 'ది కిడ్'లో కల వచ్చే ఘట్టంలో దేవకన్యగా కనిపించిన అమ్మాయి లీటా గ్రే, అప్పటికి పన్నెండేళ్ళది. 1924లో ఆమెని పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకి పదహారు, ఆయనకి ముప్ఫై ఐదు. అంతకు ముందు 1918లో పెళ్ళాడిన మిల్డ్రెడ్ హారిస్‌కి కూడా పదహారే. తెర మీద పెళ్ళికాని తల్లి కోసం మనందరినీ ఏడిపించిన మనిషి, ఇంట్లో మైనరు పిల్లల జీవితాలతో ఆడుకున్నాడు. సినిమా మంచిది కాబట్టి ఇది మరిచిపోదాం అనవద్దు. ఇది తెలిసింది కాబట్టి సినిమా చూడవద్దు అని కూడా నేను అనను. చూసి, రెండూ మాట్లాడుకుందాం. అంత పెద్దమనసు మనకుంది, అంత జ్ఞాపకశక్తి కూడా ఉంది.

మీ సంఘాల్లో వెయ్యడానికి ఒక చిన్న సినిమా చెబుతాను. ఫ్రాన్సులో ఆలిస్ గై అనే మహిళ 1906లో తీసింది. పేరు 'స్త్రీవాద ఫలితాలు'. పది నిమిషాలు కూడా ఉండదు. అందులో మగవాళ్ళు కుట్టుపని చేస్తుంటారు, ఇస్త్రీ చేస్తుంటారు, పిల్లల బండ్లు తోస్తుంటారు. ఆడవాళ్ళు హోటల్లో కాళ్ళు చాపుక్కూచుని తాగుతూ, దారిన పోయే మగవాళ్ళని పట్టి అల్లరి పెడుతుంటారు. చివరికి మగవాళ్ళు తిరగబడతారు. స్త్రీవాదం వస్తే ఇట్లా అయిపోతుందని భయపెట్టడమా, లేక అయ్యా మీరు రోజూ చేసేది ఇదీ అని అద్దం చూపడమా? రెండు రకాలుగానూ చూడొచ్చు. దివిసీమలో ఒక ఊళ్ళో ఆడా మగా కలిసి ఉన్న మీటింగులో వేశాం. మొదట మగవాళ్ళే ఎక్కువ నవ్వారు. పార్కులో ఆడమనిషి మగవాడి మీద చెయ్యి వేసేసరికి వాళ్ళ నవ్వు ఆగింది, ఆడవాళ్ళది మొదలైంది. ఏమిటయ్యా ఊరుకున్నారని అడిగితే ఒక పెద్దాయన, "బాగోలేదండీ" అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఆ రోజు రెండు గంటలు చర్చ నడిచింది. లైంగిక వేధింపుల చట్టం గురించి అంతకు ముందు మూడుసార్లు చెప్పినా అంత చర్చ రాలేదు.

మూకీ మనది కాదు, పాతబడిందని అనుకోవద్దు. మన తెలుగువాడు సింగీతం శ్రీనివాసరావు గారు 1987లో మాట లేకుండా 'పుష్పక విమానం' తీశారు. నిరుద్యోగి కథ. అందులో నాకు నచ్చింది, అమల వేసిన పాత్ర. మాటలుంటే మన సినిమాల్లో హీరోదే మాట, హీరోయిన్‌ది నవ్వో అలకో. మాట తీసేసరికి ఇద్దరూ సైగలతో సమానమైపోయారు. మాటలున్న మన హాస్యం చూడండి. గయ్యాళి పెళ్ళాం, లావుపాటి పెళ్ళాం, కాపలా అత్తగారు, చెంపదెబ్బ తినే పనిమనిషి. ఇప్పుడు అవే ముక్కలై సెల్‌ఫోనులో తిరుగుతున్నాయి. మీరు ఈ రాత్రి ఒక పని చెయ్యండి. అట్లాంటి ముక్క ఒకటి శబ్దం తీసేసి చూడండి. ప్రాస పోతుంది, సంగీతం పోతుంది. మిగిలేది ఒక మనిషి ఇంకో మనిషిని కొట్టడం. అప్పుడు నవ్వొస్తుందో లేదో చూసుకోండి.

స్త్రీవాదులకి హాస్యం తెలియదని మనమీద ఒక అపవాదు ఉంది. మనల్ని చూసి నవ్వితే మనం నవ్వడం లేదని వాళ్ళ ఫిర్యాదు. మనం నవ్వే చోట్లు వేరు. వాటిని నేర్చుకోవాలి, తయారుచేసుకోవాలి, అది కూడా ఉద్యమంలో పనే. రోజూ దెబ్బలూ చావులూ వినే కార్యకర్తకి నవ్వు లేకపోతే పదేళ్ళు నిలబడలేదు. ఇది నేను చూసిన విషయం.

మా నాటిక ఏమైందో చెప్పి ముగిస్తాను. దాన్ని మార్చాం. తాగుబోతు ఇప్పుడు కూడా గేదెని పట్టుకుంటాడు. కానీ దెబ్బ దగ్గర నాటకం ఆగుతుంది. డప్పు ఆగుతుంది, అతని చెయ్యి గాలిలోనే ఉండిపోతుంది. పెళ్ళాం వేషం వేసిన అమ్మాయి జనం వైపు తిరిగి, ఏమీ మాట్లాడకుండా, ఒక్కొక్కరి మొహం చూస్తుంది. మాటలు రాద్దామని చాలా ప్రయత్నించాం, ఏవీ నిలవలేదు. మాట లేకుండానే బాగుంది. ఆ తరవాత తెల్లారుతుంది, అతను లేచి "నాకేం గుర్తులేదే" అంటాడు. అప్పుడు నవ్వుతారు, ఆడవాళ్ళు ముందు.

నన్ను నిలదీసిన ఆ నాట్లామె ఊళ్ళో ఈ కొత్త నాటిక మళ్ళీ ఆడాం. ఆమె ముందు వరసలో కూచుంది. ఎక్కడ నవ్విందో నేను లెక్కపెట్టుకున్నాను. సరైన చోటే నవ్వింది.